భార్యాభర్తల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉంటే పిల్లల్ని ప్లాన్ చేసుకోవడం ఎలా?

ముందు ఒక అపోహ వదిలేయండి. తండ్రికి హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన బిడ్డకు నేరుగా రాదు, తల్లికి సోకితేనే ఆమె నుంచి బిడ్డకు వెళ్తుంది. కాబట్టి ఎవరికి పాజిటివ్ అన్నదాన్ని బట్టి జాగ్రత్తలు మారతాయి గానీ మొదటి మెట్టు మాత్రం ఒకటే, రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టు.

పాజిటివ్ ఉన్నవాళ్లు వైరస్‌ను అదుపు చేసే ఏఆర్‌టీ మందులు రోజూ వేసుకుంటూ, పరీక్షలో వైరస్ కనిపించని స్థాయికి దిగి, అది కనీసం ఆరు నెలలు అలాగే నిలిచాకే ప్రయత్నం మొదలుపెట్టాలి. సీడీ4 బాగుంది కదా అని తొందరపడొద్దు, అది రోగనిరోధక శక్తి లెక్క, వైరస్ లెక్క కాదు. ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది: 2016లో ఫలితాలు వచ్చిన పార్ట్‌నర్ అధ్యయనంలో, ఇలా వైరస్ అదుపులో ఉన్న 888 జంటలు కండోమ్ లేకుండా దాదాపు 58,000 సార్లు కలిసినా భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు.

ఈలోగా ఇద్దరూ సుఖవ్యాధుల పరీక్షలు చేయించుకోండి. నెగెటివ్ ఉన్నవాళ్లకు ఇంకా టెన్షన్‌గా ఉంటే హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వేసుకునే ప్రెప్ మాత్రల గురించి డాక్టర్‌ని అడగండి, కిడ్నీ, హెపటైటిస్ బీ పరీక్షలయ్యాకే వాటిని ఇస్తారు.

తర్వాత రోజులు చూసుకోవాలి. నెలసరి 28 రోజులకోసారి వచ్చేవాళ్లకు నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కిస్తే అండం సుమారు 14వ రోజున విడుదలవుతుంది. ఆ రోజు, దానికి ముందు ఐదు రోజులు గర్భానికి అనుకూలం.

వైరల్ లోడ్ దిగకపోతే? భార్యకు పాజిటివ్ అయితే భర్త వీర్యాన్ని శుభ్రమైన కప్పులో పట్టి, సూది లేని సిరంజితో యోనిలోకి వదలొచ్చు, ఇంట్లోనే అయిపోతుంది (ఒకసారి నర్సు దగ్గర నేర్చుకుంటే సిగ్గు, భయం రెండూ పోతాయి). కాకపోతే దీనివల్ల భర్తకు రిస్క్ తప్పుతుంది గానీ బిడ్డకు కాదు, అందుకే లోడ్ దిగేదాకా ఆగడమే నయం. భర్తకు పాజిటివ్ అయితే ఫెర్టిలిటీ సెంటర్‌లో వీర్యాన్ని కడిగి, వేరుచేసిన శుక్రకణాలను వాడతారు.

గర్భం నిలిచాక వాంతులవుతున్నాయని మాత్రలు మానేస్తారు కొందరు, అస్సలు వద్దు, డాక్టర్‌కి చెబితే దారి చూపిస్తారు. భార్యకు నెగెటివ్ అయితే గర్భంతో ఉన్నప్పుడు ఆమెకు పరీక్షలు మళ్లీ చేయించాలి. పాజిటివ్ అయితే చివరి నెలల్లో వైరల్ లోడ్ చూసి నార్మల్ కాన్పా, సిజేరియనా అన్నది తేలుస్తారు, తల్లిపాల సంగతీ అప్పుడే మాట్లాడుకోండి.

పాజిటివ్ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు మొదటి కొన్ని వారాలు మందు వేస్తారు. వైరస్‌కు ప్రతిగా తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు బిడ్డలో 18 నెలల దాకా ఉండొచ్చు కాబట్టి ఈలోగా వాటిని చూసే మామూలు పరీక్షలో పాజిటివ్ వచ్చినా కంగారు పడకుండా, వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష అడగండి.