రాత్రిపూట విజయవాడ రేడియో స్టేషన్‌లో మోత: నాకు పనిచేసిన ఉపాయం

తిరుపతిలో మా ఇంట్లో విజయవాడ మీడియం వేవ్, 837 కిలోహెర్ట్జ్, పగలు అంతంతమాత్రమే. పొద్దుగూకితే బాగా అందాలి. పగలు రేడియో తరంగాలను మింగేసే, ఆకాశంలో చాలా ఎత్తున ఉండే డి పొర రాత్రికి మాయమై, పై పొరలు వాటిని కిందికి తిప్పుతాయి కదా. మాకేమో సరిగ్గా అప్పుడే గుర్రుమని మోత. కొత్త బ్యాటరీలు, మిద్దె మీదికి తీగ, పక్కింటివాళ్ల రేడియో: ఏదీ పనికిరాలేదు.

చివరికి రేడియో బ్యాటరీ మీద నడుస్తుండగా ఇంటి మెయిన్ ఆపేశాను. మోత చాలావరకు పోయింది. మెయిన్ మళ్లీ వేసి, ఒక్కో స్విచ్చే వేస్తూ వస్తే దొంగ దొరికింది: వరండాలోని చవక ఎల్ఈడీ బల్బు. రాత్రే మోత ఎందుకో అప్పుడర్థమైంది!

బల్బు మార్చాక మిగిలిన కాస్త మోత వీధి వైపుది. మీడియం వేవ్‌కు ఏరియల్ అంటే రేడియో లోపల తీగ చుట్టి ఉండే ఫెర్రైట్ కడ్డీయే, పైకి లాగే రాడ్డు కాదు. ఆ కడ్డీ కొసలు చూసే దిక్కు నుంచి వచ్చేది దాదాపు అందదు. రేడియోను మెల్లగా తిప్పుతూ, మోత అణిగిన చోట ఆపాను. మోత, స్టేషను ఒకే దిక్కులో ఉంటే మాత్రం ఈ ఉపాయం పారదు. గొంతు ఉండుండి తగ్గి పెరగడం నాకింకా ఉంది. అది పై పొరల పని, తిప్పినా పోదు.