ఆట చాకిరీ అయినప్పుడు – మూడో పాఠం: క్లాన్ బరువు పంచడం

పోయిన పాఠంలో ఒక వారం పాటు నోట్‌బుక్‌లో రెండు వరుసలు రాయమన్నాను. ఆడాలనిపించి గేమ్ తెరిస్తే ఎడమవైపు, ఎవరో ఎదురుచూస్తున్నారనో గడువు అయిపోతోందనో తెరిస్తే కుడివైపు. రాయనివాళ్లు ముందు అది రాయండి, ఆ పుస్తకం చేతిలో లేకుండా ఈ పాఠం చదివి లాభం లేదు. కుడివైపు వరుస పొడుగ్గా వచ్చినవాళ్ల కోసమే ఇది. క్లాన్ (గేమ్‌లో కలిసి ఆడే పెద్ద జట్టు) లీడర్లు, కో లీడర్లు, స్క్వాడ్‌లో (నలుగురి జట్టులో) "నువ్వు రాకపోతే మ్యాచే లేదు" అనిపించుకునేవాళ్లు ఎక్కువగా ఇందులోకే వస్తారు.

తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర మొబైల్ షాపులో పనిచేసే ఒక తమ్ముడు తన పుస్తకం నాకు చూపించాడు. పాత బిల్లు బుక్కు వెనకవైపు రాసుకున్నాడు. క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే మొబైల్ గేమ్‌లో అతను ఒక క్లాన్‌కు లీడర్. ఊరు (బేస్) కట్టుకోవడం, తోటివాళ్లకు సైన్యం (ట్రూప్స్) ఇవ్వడం, క్లాన్‌గా కలిసి వేరే క్లాన్‌ల మీద దాడులు (అటాక్, వార్, రైడ్) చేయడం, ఇదీ అందులో ఆట. క్లాన్‌లో సగం మంది యూనివర్సిటీ హాస్టళ్ల కుర్రాళ్లు, మిగతావాళ్లలో శ్రీసిటీకి షిఫ్టుకు పోయేవాళ్లు, కొండ మీద షాపుల్లో ఉండేవాళ్లు. కుడివైపు ఇలా ఉంది: "పొద్దున 6.10, బస్టాండులో ట్రూప్స్ ఇచ్చినా. మధ్యాహ్నం 12.35, రైడ్ మొదలైంది, గ్రూపులో చెప్పినా. రాత్రి 10.50, ఇద్దరు అటాక్ వెయ్యలా, ఫోన్ చేసినా. 11.20, ఒకడు ఎత్తలా, మళ్లా చేసినా." ఎడమవైపు ఆ వారం మొత్తానికి ఒకటే వాక్యం: "కొత్త బేస్ గీసినా, టైమే తెలీలా."

ఆ ఎడమవైపు వాక్యం చాలా విలువైనది. అతనికి గేమ్ మీద ఇష్టం అలాగే ఉంది. గోడలు ఎక్కడ పెట్టాలి, ఉచ్చు ఎక్కడ దాచాలి అని ఆలోచిస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మరిచిపోతాడు. మనుషుల వెంట పడటం దగ్గరే అలసిపోతున్నాడు. చాలామంది ఈ తేడా చూసుకోకుండా మొహం మొత్తిందని గేమ్ డిలీట్ చేస్తారు. కొన్నాళ్లకు మళ్లీ వేసుకుని, అదే క్లాన్‌లో అదే చాకిరీ మొదలుపెడతారు. అందుకే ఈ పాఠంలో గేమ్ మానమని చెప్పను. ఎడమవైపు ఉన్నది మీ దగ్గరే ఉండాలి, కుడివైపు ఉన్నది చేతులు మారాలి.

ఈ చాకిరీ ఎక్కడినుంచి వస్తుందో క్యాలెండర్ ముందు పెట్టుకుని చూడండి. ఒకటో తారీఖున క్లాన్ వార్ లీగ్‌కు పేర్లు ఇవ్వడం మొదలవుతుంది. ఆ తర్వాత ఏడు రోజులు రోజుకో వార్, మనిషికి రోజుకో అటాక్. అది ముగిసేసరికి దాదాపు పదో తారీఖు వస్తుంది. 22 నుంచి 28 వరకు క్లాన్ గేమ్స్. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మొదలై సోమవారం మధ్యాహ్నం దాకా రైడ్ వీకెండ్. మధ్యలో ఖాళీ దొరికితే మామూలు వార్‌లు: ఒక రోజు తయారీ, ఒక రోజు యుద్ధం, మనిషికి రెండు అటాక్‌లు. సభ్యుడికి ఇవి ఎప్పుడో ఒకసారి చూసుకునే చిన్న పనులు. అన్నీ తనే చూసే లీడర్‌కు మాత్రం నెలలో సెలవంటూ మిగలదు.

గంటల లెక్కతో ఇది తేలదు. బీజీఎంఐ (నలుగురు జట్టుగా ఆడే షూటింగ్ గేమ్) 2023 మేలో యాప్ స్టోర్లలోకి మళ్లీ వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటలు, మిగతావాళ్లకు 6 గంటలు అని హద్దు పెట్టారు. ఎక్కువసేపు ఆడేవాళ్లకు అలాంటిది పనికొస్తుంది. కానీ రాత్రి 11కి చేయాల్సిన రెండు నిమిషాల ఫోన్ కోసం సాయంత్రం ఆరు నుంచే టెన్షన్ పడుతుంటే, ఆ ఐదు గంటలు ఏ టైమర్‌లోనూ పడవు. కస్టమర్ ఫోన్‌కు టెంపర్డ్ గ్లాస్ వేస్తూ వేస్తూ ఆ తమ్ముడు కౌంటర్ మీదున్న తన ఫోన్ వైపు చూడటం నేను చూశాను. గ్లాస్ కింద గాలి బుడగ నిలిచిపోయింది. పీకి మళ్లీ వేశాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఐసీడీ-11, అంటే 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న జబ్బుల వర్గీకరణ, బర్నౌట్‌కు మూడు గుర్తులు చెబుతుంది: శక్తి ఇంకిపోవడం, చేసే పని మీద మనసు విరిగి చులకనభావం రావడం, సరిగ్గా చేయగలుగుతున్నానన్న నమ్మకం తగ్గడం. దాన్ని జబ్బు కింద లెక్కించలేదు, ఉద్యోగం విషయంలోనే ఆ మాట వాడాలని కూడా అందులో ఉంది. అయినా హాజరు, గడువు, షిఫ్టు, మాట పడటం అన్నీ ఉన్న క్లాన్‌లో ఆ మూడు గుర్తులతో మనల్ని మనం చూసుకోవడం మంచిదే అంటాను. గేమింగ్ డిజార్డర్ వేరే విషయం. ఆట మీద అదుపు పోవడం, అన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇవి మామూలుగా ఏడాది పాటు ఉంటే దాని కిందకు వస్తాయి. నిద్ర, చదువు, ఉద్యోగం పాడవుతున్నా ఆపలేకపోతుంటే ఈ పాఠాల కోసం ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఖర్చేమీ ఉండదు.

ఇక పని మొదలుపెడదాం. కుడివైపు వరుసలో ఒక్కో వాక్యం పక్కన "ఇది ఇంకెవరు చేయగలరు?" అన్నదానికి జవాబు రాయండి. వార్ మొదలుపెట్టడం కో లీడర్ కూడా చేయగలడు. ట్రూప్స్ ఎవరైనా ఇవ్వొచ్చు. రైడ్ మొదలైన సంగతి గేమే చూపిస్తుంది, గ్రూపులో చాటింపు వేయాల్సిన అవసరం లేదు. రాత్రి ఫోన్ల దగ్గరికి వచ్చేసరికి జవాబు మారుతుంది. అవి ఎవరికీ అప్పగించకండి, పూర్తిగా ఆపేయండి. ఈ ఒక్క విషయంలో నాకు రెండో మాట లేదు. మీరు ఫోన్ చేసి లేపితే అవతలివాడికి కూడా ఆట డ్యూటీ అవుతుంది. మీ అలసటను ఇంకొకరికి అంటించినట్టే.

ఫోన్లు ఆగితే అటాక్‌లు మిగిలిపోతాయని భయం ఉంటుంది. దానికి మందు వార్ సైజులో ఉంది. 30 మంది వార్ అంటే 60 అటాక్‌లు, అన్నిటి మీదా మీ కన్ను ఉండాలి. 15 మందిది పెడితే 30 చాలు. ప్రొఫైల్‌లో వార్ ప్రిఫరెన్స్ (వార్‌కు వస్తానంటే పచ్చ, రానంటే ఎరుపు) ఎరుపులో పెట్టుకున్నవాళ్లు ఇప్పుడు రాలేమని మర్యాదగా చెబుతున్నారు, వాళ్లను వదిలేయండి. పచ్చలో పన్నెండు మందే ఉంటే 10 మంది వార్ పెట్టండి. లెక్క నింపడానికి ఎరుపువాళ్లను లాగిన రోజే రాత్రి ఫోన్లు మొదలవుతాయి. మీరు కూడా నెలలో ఒక వారం ఎరుపులో ఉండండి. లీడర్ ఎరుపులో ఉన్నాడని చూసిన తర్వాతే మిగతావాళ్లు మొహమాటం లేకుండా ఆ బటన్ నొక్కుతారు.

దీన్ని క్లాన్‌కు ఎలా చెబుతారన్నది కూడా ముఖ్యం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ తయారవుతున్న రోజుల్లో, చాలాసేపు ఆడినవాళ్లకు అనుభవం పాయింట్లు తగ్గేలా పెట్టి చూశారు. ఆటగాళ్లకు అది శిక్షలా తోచింది, నచ్చలేదు. అప్పుడు దాన్ని తిరగేసి, మామూలుగా ఆడితే వచ్చేదాన్ని మామూలు అని, విశ్రాంతి తీసుకుని వచ్చినవాళ్లకు వచ్చేదాన్ని రెట్టింపు బోనస్ అని మార్చారు. 2004లో గేమ్ విడుదలైనప్పుడు అలాగే వచ్చింది, జనం ఇష్టపడ్డారు. మీ క్లాన్‌లో కూడా "రెండు అటాక్‌లు వేయకపోతే తీసేస్తాం" అనేదాన్ని పీకేసి, "సెలవు నుంచి వచ్చినవాళ్లకు మొదటి టార్గెట్ ఎంచుకునే హక్కు" అని పెట్టి చూడండి.

చెప్పడానికి మంచి వారం చూసుకోండి. మన ఊళ్లో గంగజాతర వారం అయితే ఎవరూ ఎవరి కోసమూ ఎదురుచూడరు, సగం క్లాన్ వేషాలు వేసుకునే హడావిడిలో ఉంటుంది. బ్రహ్మోత్సవాలప్పుడు కొండ మీద పనిచేసేవాళ్లు ఎలాగూ దొరకరు. అలాంటి వారంలో వార్ ఆపి, ఈ మాదిరిగా గ్రూపులో పెట్టండి:

"అందరికీ నమస్తే. ఈ వారం వార్ లేదు, జాతర చూసుకోండి. వచ్చే వారం నుంచి వార్ పెట్టేది నేనొక్కణ్నే కాదు, కో లీడర్లు ముగ్గురూ వంతులు వేసుకుంటారు. పచ్చలో ఉండేవాళ్లే వార్‌లో ఉంటారు. ఎవరికీ ఫోన్లు చెయ్యం, ఎవరినీ తిట్టం. బేస్‌లు మాత్రం నేనే గీస్తా, ఎవరికి కావాలన్నా అడగండి."

ఇందులో మూడు సంగతులు కావాలనే పెట్టాను. తేదీ ఉంది. బాధ్యత తీసుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లతో ముందే విడిగా మాట్లాడి ఒప్పించి ఉండాలి. చివర, మీరు దేన్ని ఉంచుకుంటున్నారో ఉంది. ఈ చివరి వాక్యం లేకపోతే మీరు వెళ్లిపోతున్నారని అనుకుంటారు, బతిమాలడం మొదలవుతుంది.

అయినా ఒకరిద్దరు బతిమాలుతారు. "నువ్వు చూసుకోకపోతే క్లాన్ పోతుందన్నా" అంటారు. అది ప్రేమతో అన్న మాటే, కాబట్టి కసురుకోవద్దు, కారణాల చిట్టా కూడా విప్పవద్దు. "యాడికీ పోను రా, ఈడే ఉంటా. వార్ మాత్రం వాళ్లు పెడతారు" అని ఊరుకోండి. మళ్లీ అడిగితే అదే మాట చెప్పండి. కొత్త కారణం చెబితే దానికి కొత్త పరిష్కారం తెస్తారు, చివరికి మీరే ఒప్పుకోవాల్సి వస్తుంది.

బీజీఎంఐ స్క్వాడ్‌లో ఈ పదవులు ఉండవు కానీ బరువు ఉంటుంది. నలుగురిలో ఒకరు రాకపోతే ముగ్గురి సాయంత్రం పాడవుతుందనే బెంగ అది. ఐదో మనిషిని కలుపుకుంటే చాలావరకు తేలిపోతుంది. వంతులవారీగా ఒకరికి రోజూ సెలవు వస్తుంది. ఎవరు ఏది ఉంచుకోవాలో తేలకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. 2022 జూలై 28న బీజీఎంఐ యాప్ స్టోర్ల నుంచి పోయి, తిరిగి రావడానికి దాదాపు పది నెలలు పట్టింది. అప్పటికే ఆడుతున్నవాళ్లు ఆ నెలలు గుర్తు తెచ్చుకుని రాయండి: దేనికి బెంగపడ్డారు? టైర్ (ర్యాంకు మెట్టు) కోసమా, స్కిన్స్ (గేమ్‌లో వేషాలు) కోసమా, రాత్రి ఇయర్‌ఫోన్‌లో వినిపించే ఆ ముగ్గురి గొంతుల కోసమా? గొంతుల కోసమే అయితే ర్యాంక్ పుష్ (ర్యాంకు పెంచుకునే పరుగు) వదిలేసి అదే ముగ్గురితో ఊరికే ఆడుకోవచ్చు, ఈ రాత్రి నుంచే.

ఈ వారం అభ్యాసం: కుడివైపు వరుసలో ఎక్కువసార్లు కనిపించిన పనిని ఒక్కదాన్నే పట్టుకోండి. దాన్ని ఇంకొకరికి ఇవ్వండి, లేదా ఆపేయండి. అన్నీ ఒకేసారి దించవద్దు, తీసుకునేవాళ్లకు కూడా అవి కొత్తే. వారమంతా రెండు వరుసలూ రాస్తూనే ఉండండి. అప్పగించిన పని వాళ్లు సరిగ్గా చేస్తున్నారో లేదో చూడటానికి గేమ్ తెరిస్తే అది కూడా కుడివైపే రాయాలి, మొదట్లో అవే ఎక్కువ ఉంటాయి. నాలుగో పాఠం క్లాన్, స్క్వాడ్ ఏదీ లేకుండా ఒంటరిగా ర్యాంక్ కోసం ఆడి అలసిపోయేవాళ్లది.