జపాన్ కత్తి మీద సంతకం చదవడం

నెల్లూరు, కావలి వైపు ఇళ్లలో మిలిటరీ తాతల నాటి జపాన్ కత్తి ఉంటే, చేసినవాడి పేరు సాధారణంగా పిడి లోపల దాగిన తోక మీదే ఉంటుంది. పిడిలోని వెదురు మేకును సన్నగా ఉన్న వైపు నుంచి నెట్టండి. ఎడమచేత్తో పిడి చివర పట్టుకుని, మొన పైకి ఏటవాలుగా ఉంచి, ఆ మణికట్టు మీద కుడి పిడికిలితో మెల్లగా కొట్టండి. తోక వదులవుతుంది.

దాని నల్లటి తుప్పును దయచేసి తోమకండి. వయసు చెప్పేది అదే, తోమితే విలువ సగం పోయినట్టే. మన ఉప్పుగాలికి కొత్తగా పట్టే ఎర్ర తుప్పు వేరు.

టార్చిని పక్కనుంచి వేసి ఫోటో తీయండి. మొన పైకి, పదును ఎడమకు ఉన్నప్పుడు కనిపించేది కటానా (పదును పైకి ఉండేలా నడుంలో దోపుకునే కత్తి) సంతకం. పదును కుడికి ఉంటే తాచి (పదును కిందికి ఉండేలా వేలాడదీసే పాతరకం కత్తి). పైనుంచి కిందికి చదవాలి: రాజ్యం, ఊరు, పేరు. రెండోవైపు తేదీ ఉండొచ్చు: షోవా (జపాన్ చక్రవర్తి పాలన లెక్క) 18 అంటే 1943.

‘బిజెన్ ఒసాఫునె సుకెసాదా’ అని ఉన్నా సంబరపడొద్దు. ఆ పేరుతో తరతరాలుగా చాలామంది చేశారు, పెద్ద పేర్లకు దొంగ సంతకాలూ ఎక్కువే. ఉలి గీతల తీరు, తోక ఆకారం, పదునంచు మీది తెల్లని గీత మూడూ పేరుతో కుదిరితేనే నమ్మాలి. పేరు లేకుండా వరస నంబరు మాత్రమే చెక్కి ఉంటే ఫ్యాక్టరీలో చేసిన సైనిక కత్తి.