సెలవుల్లో స్కేట్‌బోర్డు ఎక్కే పిల్లలకు, ఎక్కించే పెద్దలకు జాగ్రత్తలు

గత ఆదివారం సాయంత్రం మా అపార్ట్‌మెంటులో పద్నాలుగేళ్ళ అబ్బాయి సెల్లార్ ర్యాంపు మీద స్కేట్‌బోర్డుతో దిగుతూ వెనక్కి పడ్డాడు. బోర్డు అతని కాళ్ళ కింద నుంచి ముందుకు దూసుకుపోయి, కింద నిలిపి ఉన్న కారు చక్రానికి కొట్టుకుంది. అతడు రెండు అరచేతులూ వెనక ఆనించి కూలబడ్డాడు. కుడి మణికట్టు విరిగింది, తల వెనుక భాగం సిమెంటుకు తగిలింది. తల స్కానింగులో ప్రమాదమేమీ లేదని డాక్టరు చెప్పేవరకు అతని తల్లిదండ్రులు గడిపిన నాలుగు గంటలనూ నేను పక్కనే ఉండి చూశాను. హెల్మెట్ ఇంట్లోనే ఉండిపోయింది. సమతలంగా ఉన్న నేల మీద మూడు నెలలుగా చక్కగా నడుపుతున్న పిల్లవాడు, అప్పుడప్పుడే ఆలీ అనే, బోర్డుతో సహా గాలిలోకి లేచే ట్రిక్కు నేర్చుకుంటున్నవాడు, వాలు మీద ఒక్క క్షణం భయపడి నడుము వెనక్కి వేసినందుకు ఇంత జరిగింది.

ఏప్రిల్ చివర్లో బడులు మూస్తారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ తొలిసారిగా కనిపించినప్పటి నుంచి మన పిల్లల్లో దీనిపై ఆసక్తి పెరగడం నేను గమనిస్తూనే ఉన్నాను, సెలవుల మొదటి వారంలోనే కొత్త బోర్డులు ఇళ్ళకు వస్తాయి. హెల్మెట్ పెట్టుకోవాలని, వాహనాలు తిరిగే రోడ్డు మీదికి పోకూడదని అందరికీ తెలుసు కనుక వాటిని వివరించను. ఎనిమిదేళ్ళుగా ఉదయం పూట పిల్లలకు బోర్డు నేర్పుతున్నాను. ఆ కాలంలో నేను చూసిన పెద్ద దెబ్బల్లో ఎక్కువ భాగం ఒకే తప్పు వల్ల తగిలినవి. భయం వేసినప్పుడు బరువును వెనక్కి వేయడమే ఆ తప్పు. ఇక్కడ వెనక్కి అంటే టెయిల్ అనే వెనుక కొస వైపు, అంటే బోర్డు పోతున్న దిక్కుకు ఎదురు వైపు అని అర్థం చేసుకోవాలి. బోర్డు మీద మనం పక్కకు తిరిగి నిలబడతాము కనుక చాలామంది పిల్లలు ఈ మాటను మడమల వైపు అని పొరబడుతున్నారు.

బరువు వెనక్కి పోతే జరిగేది

నడుస్తున్నప్పుడు ముందు ప్రమాదం కనిపిస్తే శరీరం తనంతట తానే వెనక్కి వాలుతుంది. నేల మీద పాదానికి పట్టు ఉంటుంది కనుక ఆ అలవాటు మనల్ని కాపాడుతుంది. బోర్డుకు ముందు వెనకల దిశలో అటువంటి పట్టు లేదు. ఆ పట్టు లేకుండా చేయడానికే చక్రాల్లో బేరింగులు పెట్టారు. నడుము వెనుక చక్రాలను దాటి వెనక్కి పోయిన క్షణంలో మన కాళ్ళే బోర్డును ముందుకు తోస్తాయి, అది ఎంత ముందుకు పోతే మనం అంత వెనక్కి పోతాము, ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయి రెప్పపాటులో మనిషి నేల మీద ఉంటాడు. ముందుకు పడినవాడికి రెండు అడుగులు పరుగెత్తి నిలదొక్కుకునే అవకాశం ఉంటుంది. వెనక్కి పడినవాడికి ఆ అవకాశం ఉండదు, తాను పడబోయే చోటు కూడా కనిపించదు, చేతులు తప్ప ఆనడానికి ఏదీ దొరకదు.

వాలు మీద ఈ తప్పు మరింత మోసం చేస్తుంది. సెల్లార్ ర్యాంపు మీద దిగుతున్న పిల్లవాడు తాను నిటారుగానే నిలబడ్డానని అనుకుంటాడు, నిజానికి భూమికి నిటారుగానే ఉంటాడు. కానీ అతని కింద ఉన్న బోర్డు వాలుతో పాటు ముందుకు వంగి ఉంటుంది కనుక, బోర్డును బట్టి చూస్తే అతడు వెనక్కి వాలి ఉన్నట్టే లెక్క. వాలు మీద శరీరం వాలుకు నిటారుగా ఉండాలి, అంటే భయం ఎటు పొమ్మంటే దానికి సరిగ్గా ఎదురు వైపు, ముందు భుజం కిందికి వంగి ముందు చక్రాల మీదికి రావాలి. ఇది చెప్పినంత సులువు కాదు. మోకాలెత్తు కూడా లేని చిన్న చెక్కవాలు మీద యాభైసార్లు చేసిన తరువాతే పెద్ద వాలు దగ్గరికి వెళ్ళాలి. అమెరికా ఊళ్ళలో మునిసిపాలిటీలు కట్టించిన కాంక్రీటు స్కేట్‌పార్కులకు పిల్లలను తీసుకువెళ్ళే మన కుటుంబాలు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి: అక్కడి గిన్నెలాంటి గుంటల్లోకి అంచు మీద నుంచి దిగేటప్పుడు, అంటే డ్రాప్ ఇన్ చేసేటప్పుడు, ముందు పాదాన్ని సగం మనసుతో వేసి బరువును అంచు దగ్గరే ఉంచుకున్నవారే వెనక్కి పడతారు.

బోర్డు స్థిరత్వం

బోర్డు ఊగుతోందని ఫిర్యాదు చేసే పిల్లలకు పెద్దలు చేసే మొదటి ఉపకారం ట్రక్కుల, అంటే బోర్డు కింద చక్రాలను పట్టి ఉంచే ఇరుసుల, నట్టును బిగించేయడం. ట్రక్కు నడుమ ఉండే కింగ్‌పిన్ అనే బోల్టు చుట్టూ రబ్బరులా మెత్తని బుషింగులు ఉంటాయి. మనం వంగిన వైపుకు బోర్డు తిరిగేది అవి నలగడం వల్లనే. నట్టును పూర్తిగా బిగిస్తే బోర్డు ఊగదు, దానితో పాటు తిరగదు కూడా, పిల్లవాడి చీలమండలు ఏమీ నేర్చుకోవు. మరీ వదులుగా ఉంచితే గట్టిగా వంగినప్పుడు చక్రం డెక్, అంటే మనం నిలబడే చెక్క, అడుగుకు తగిలి ఒక్కసారిగా ఆగిపోతుంది, మనిషి ముందుకు ఎగిరిపడతాడు. గడ్డి మీద బోర్డు పెట్టి, దానిపై నిలబడి ఒక వైపుకు పూర్తిగా వంగి చూడండి: చక్రానికీ చెక్కకూ మధ్య ఖాళీ మిగలాలి, అలాగని చీలమండతో నొక్కితే బోర్డు కదలకుండానూ ఉండకూడదు. ఈ రెంటి నడుమ ఒక్కో పావు చుట్టు మారుస్తూ వారానికొకసారి సరిచూసుకోవాలి. నట్టు చివర బోల్టు మరలు కనిపించకుండా పోయేంత వదులు ఎప్పుడూ చేయకూడదు.

బొమ్మల దుకాణాల్లో అమ్మే ప్లాస్టిక్ ట్రక్కుల బోర్డు మీద ట్రిక్కులు నేర్చుకోకూడదు. ఏడు పొరల మేపుల్ చెక్క, అల్యూమినియం ట్రక్కులు, సుమారు 8 అంగుళాల వెడల్పు ఉన్న బోర్డు కొనలేకపోతే మరో సంవత్సరం ఆగడం మంచిది. ట్రిక్కులకు వాడే 52 నుంచి 54 మిల్లీమీటర్ల గట్టి చక్రాలు నున్నటి నేల కోసం చేసినవి. మన వీధుల్లోని కంకర పలుకు ఒక్కటి అడ్డుపడినా అవి నిలిచిపోతాయి. కాబట్టి సాధన మొదలుపెట్టే ముందు చీపురు పట్టుకుని ఆ జాగా ఊడవండి. నేను ఇప్పటికీ ప్రతి ఉదయం ఊడుస్తాను.

ఆలీ నేర్చుకునేటప్పుడు

ఆలీ అంటే వెనుక పాదంతో టెయిల్‌ను నేలకు కొట్టి, ముందు పాదాన్ని బోర్డు పైన అంటించిన గరుకు గ్రిప్ టేపు మీదుగా పైకి జరుపుతూ బోర్డుతో సహా గాలిలోకి లేవడం. 1970ల చివర్లో ఫ్లోరిడాలో అలన్ గెల్ఫాండ్ దీన్ని నిలువు గోడల మీద చేశాడు, తరువాత రాడ్నీ మల్లెన్ సమతల నేల మీదికి తెచ్చాడు. మిగిలిన వీధి ట్రిక్కుల్లో ఎక్కువ భాగం దీని మీదే ఆధారపడ్డాయి, అందువల్ల ఇక్కడ పడిన చెడ్డ అలవాటు, బోర్డును గాలిలో పొర్లించే కిక్‌ఫ్లిప్ దాకా వెంట వస్తుంది.

టెయిల్‌ను గట్టిగా కొట్టాలన్న ఆత్రంలో పిల్లలు మొత్తం శరీరాన్నే టెయిల్ మీదికి వేస్తారు. అప్పుడు బోర్డు ముక్కు పైకి లేచి ముందుకు పోతుంది, మనిషి దాని వెనుక దిగుతాడు, లేదా ఒక్క వెనుక పాదంతో టెయిల్ మీద దిగుతాడు. టెయిల్‌ను కొట్టాల్సింది చీలమండ విసురుతో మాత్రమే. భుజాలు రెండూ బోర్డుకు సమాంతరంగా, ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ సరిగ్గా నడుమ ఉండాలి. దీన్ని ఎవరికి వారు పరీక్షించుకునే పద్ధతి ఒకటి ఉంది. ఆగి ఉన్న బోర్డు వెనుక చక్రాల పక్కన నేల మీద సుద్దముక్కతో గీత గీసి ఆలీ చేయండి. పాదాలు ఆ గీతకు వెనుక దిగితే బరువు వెనక్కి పోయినట్టే. పదికి ఎనిమిదిసార్లు గీతకు ముందే దిగే వరకు కదులుతున్న బోర్డు మీద ప్రయత్నించకండి. ఆగి ఉన్నప్పుడు ఈ తప్పుకు శిక్ష చిన్నది, కదులుతున్నప్పుడు అదే తప్పుకు మణికట్టు పోతుంది.

దిగేటప్పుడు పాదాలు రెండూ ట్రక్కులను బిగించిన బోల్టుల మీద పడాలి, మోకాళ్ళు వంగాలి. నడుమ దిగితే చెక్క విరుగుతుంది, టెయిల్ మీద దిగితే మళ్ళీ అదే కథ, బోర్డు ముందుకు, మనిషి వెనక్కి. గాలిలో ఉండగానే కుదరదని అనిపిస్తే ఒక పాదం బోర్డు మీద, ఒక పాదం నేల మీద పెట్టకూడదు. బోర్డును తన్ని పక్కకు పంపి రెండు పాదాలతోనూ నేల మీద దిగాలి. తప్పించుకోవడాన్ని కూడా ఒక ట్రిక్కులా విడిగా సాధన చేయాలి.

మాన్యువల్, అంటే వెనుక చక్రాల మీద మాత్రమే నడపడం, నిలకడకు మంచి సాధన. అయితే బరువును కావాలనే వెనక్కి తీసుకువెళ్ళే ట్రిక్కు ఇది కనుక దీన్ని చివరగా నేర్పాలని నా అభిప్రాయం. దీనిలో కూడా వెనక్కి పోవాల్సింది తుంటి మాత్రమే, భుజాలు ముందుకే ఉండాలి; అదుపు తప్పుతోందనిపిస్తే టెయిల్‌ను నేలకు ఆనించి ఆపాలి.

దెబ్బ తగిలితే

అరచేతులు చాచి పడినప్పుడు బరువంతా మణికట్టు మీద పడుతుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఉండే గుంటలో నొక్కితే నొప్పి ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి ఉండవచ్చు. ఆ పగులు మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, పది పన్నెండు రోజుల తరువాత మళ్ళీ తీయవలసి రావచ్చు. దానికి రక్తం అందే తీరు బలహీనం కనుక నిర్లక్ష్యం చేస్తే ఎముక అతకకపోవచ్చు. ఎదుగుతున్న పిల్లల్లో ఎముక చివర ఉండే పెరుగుదల పొర దెబ్బతింటే చెయ్యి వంకరగా పెరిగే ప్రమాదం ఉంది. బెణుకేనని నూనె రాసి తోమించకండి, ఎక్స్‌రే తీయించకుండా నాటు కట్టు కట్టించకండి. తలకు దెబ్బ తగిలిన తరువాత వాంతులు, మగత, పెరుగుతున్న తలనొప్పి, మాట తడబాటు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. బ్రిటన్ తరఫున ఆడే స్కేట్‌బోర్డర్ స్కై బ్రౌన్ 2020లో సాధన చేస్తూ ర్యాంపు మీద నుంచి పడి పుర్రె విరగ్గొట్టుకున్నప్పుడు ఆమెకు పదకొండేళ్ళు. తలకు హెల్మెట్ ఉంది, ప్రాణం దక్కింది. మరుసటి సంవత్సరం ఆమె టోక్యోలో కాంస్య పతకం గెలిచింది. అంత నేర్పు ఉన్న పిల్లే పడినప్పుడు మన పిల్లలు పడరనుకోవడానికి ఆధారం లేదు.

ఇక మిగిలినవి వరుసగా చెబుతాను.

మణికట్టు గార్డులు లేకుండా కొత్తవారు బోర్డు ఎక్కకూడదు.

హెల్మెట్ పట్టీకి, గడ్డానికి నడుమ రెండు వేళ్ళకు మించి దూరకూడదు. ఒక్కసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను, బీట కనిపించకపోయినా, మళ్ళీ వాడకూడదు.

పడుతున్నప్పుడు పిడికిళ్ళు బిగించి, మోచేతులు వంచి, భుజం మీద దొర్లండి. దీన్ని ముందు పరుపు మీద సాధన చేయండి.

చూపు పాదాల మీద వద్దు, నాలుగైదు గజాల ముందు ఉండాలి.

ప్రతి రోజూ ఒంటికాలి మీద ముప్పై సెకన్లు, తరువాత కళ్ళు మూసుకుని ముప్పై సెకన్లు నిలబడండి, మరో కాలితోనూ ఇలాగే చేయండి. బోర్డు లేకుండా చేసే సాధనల్లో చీలమండలకు ఇంతకు మించినది నాకు తెలియదు.

పాలిష్ చేసిన గ్రానైట్ మీద వద్దు. పార్కింగ్ టైల్స్ మీద నీళ్ళు చల్లిన రోజు వద్దు. వాన పడి తేమ ఆరని నేల మీద వద్దు.

వీధి కుక్క వెంటపడితే వేగం పెంచకండి. చక్రాల చప్పుడుకే అది వస్తుంది. దిగి, బోర్డు చేతిలోకి తీసుకుని నిలబడండి.

ఐదేళ్ళ లోపు పిల్లలను ఎక్కించకండి. పదేళ్ళ లోపు పిల్లలను ఒంటరిగా వదలకండి.

అలసిన తరువాత చేసే ఆఖరి ప్రయత్నం చేయకండి. కాళ్ళు అలిసినప్పుడు శరీరం మొదట మరిచిపోయేది భుజాలను ముందుకు ఉంచడమే, నేను చూసినవాటిలో మూడుసార్లు ఎముక విరిగింది ఆఖరి ప్రయత్నంలోనే.

ఫోన్‌లో వీడియో తీస్తామని పిల్లవాణ్ణి తొందరపెట్టకండి.

సెల్లార్ ర్యాంపు మీద ఎవరినీ దిగనివ్వకండి. కింద మలుపు దగ్గర కారు వస్తోందో లేదో పై నుంచి కనిపించదు.

భయం వేస్తే బోర్డు మీదే ఉండి వెనక్కి వాలకండి, ముందుకు దిగి పరుగెత్తండి. వాలు దగ్గర అయినా, ఆలీలో అయినా, గులకరాయి తగిలినప్పుడు అయినా బరువు వెనక్కి వేయకండి. పిల్లలకు ప్రతి ఉదయం బోర్డు ఎక్కే ముందు ఈ ఒక్క మాట పైకి అనిపించండి. మా అపార్ట్‌మెంటు అబ్బాయి కట్టు ఆరు వారాలకు విప్పుతారు. అతడు మళ్ళీ బోర్డు ఎక్కే రోజున మొదట గడ్డి మీద నిలబెట్టి, సుద్దగీత గీసి, నేనే పక్కన ఉంటానని వాళ్ళ అమ్మకు చెప్పాను.