కాంకర్లు ఆడటం ఎలా: ష్రాప్‌షైర్ పల్లెలో నేను నేర్చుకున్న పద్ధతి

సెప్టెంబర్ నెలాఖరుకి ఇంగ్లండ్‌లో ఏ పల్లెకెళ్ళినా, చర్చి గోడ పక్కనో ఊరి మధ్య పచ్చిక దగ్గరో, ఒక పెద్ద చెట్టు కింద పిల్లలు తలలు దించుకుని ఆకుల్లో కెలుకుతూ కనిపిస్తారు, వాళ్ళు ఏరేది కాంకర్లు, అంటే హార్స్ చెస్ట్‌నట్ అనే చెట్టు గింజలు, వాటిని తాడుకి గుచ్చి ఒకదాంతో ఒకటి కొట్టి పగలగొట్టే ఆటకీ అదే పేరు. నేను 1979లో ఐదేళ్ళ వయసులో లడ్లో దగ్గర ఒక పల్లెకి వచ్చా, నాన్నకి అక్కడ డాక్టర్ ఉద్యోగం, నాకు ఇంగ్లిష్ సరిగ్గా రాకముందే ఈ ఆట వచ్చేసింది. ఇప్పుడు ఇక్కడ కొత్తగా సెటిలవుతున్న మనవాళ్ళ పిల్లలు జేబుల నిండా ఈ గింజలు తెచ్చుకుంటున్నారు గానీ వాటితో ఏం చెయ్యాలో ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు, అందుకే రాస్తున్నా.

ముందు చెట్టుని గుర్తుపట్టాలి, ఇక్కడ తప్పు చేస్తే ప్రమాదం. హార్స్ చెస్ట్‌నట్ ఆకు చెయ్యి చాపినట్టు ఉంటుంది, ఒకే కాడకి ఐదు నుంచి ఏడు రెక్కలు. కాయ మీద ముళ్ళు పొట్టిగా, దూరదూరంగా ఉంటాయి. కాల్చుకుని తినే స్వీట్ చెస్ట్‌నట్ వేరే, దాని ఆకు ఒంటరిగా పొడుగ్గా రంపపు అంచుతో ఉంటుంది, కాయ ఒళ్ళంతా సన్నటి సూదులే, గింజకి కొసన చిన్న మొన ఉంటుంది. కాంకర్ నున్నగా గుండ్రంగా ఉంటుంది, మొన ఉండదు. కాంకర్ తినకూడదు, విషం, కుక్కలకి కూడా. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క ముక్క రెండుసార్లు చెప్పండి. డౌట్ ఉంటే కొమ్మ చూడండి, ఆకు రాలిన చోట గుర్రపు నాడా ఆకారంలో మచ్చ ఉంటుంది, మేకుల గుర్తులతో సహా!

ఏరటానికి గాలి బాగా కొట్టిన రాత్రి తర్వాత పొద్దున్నే వెళ్ళండి. చెట్టు మీదకి కర్రలు విసరొద్దు, మేం విసిరేవాళ్ళం, ఒకసారి ఆ కర్ర పక్కింటి కారు మీద పడింది, ఆ కథ ఇప్పుడెందుకులెండి. పైగా కర్రతో రాలగొట్టిన కాయ పచ్చిగా ఉండి లోపల గింజ తెల్లగా ఉంటుంది, పనికిరాదు. తనంతట తాను రాలి, పెంకు విచ్చుకున్నదే కావాలి. ఆ పెంకు బూటుతో మెల్లగా నొక్కి చూడండి, లోపల తెల్లటి మెత్తటి గూట్లో తడితడిగా, కొత్తగా పాలిష్ పెట్టిన టేకు బల్లలాగా మెరుస్తూ ఉంటుంది, ఆ మెరుపు నాలుగు రోజులు కూడా ఉండదు కాబట్టి పిల్లల్ని కాసేపు అలా చూస్తూ ఉండనివ్వండి. దారి పక్కన తనంతట తాను పెరిగిన చెట్టు కాయలు సొంతానికి ఏరుకుంటే దొంగతనం కిందకి రాదు, 1968 నాటి థెఫ్ట్ యాక్ట్‌లోనే ఉంది, అమ్ముకోకూడదంతే. ఎవరి తోటలోదైనా అయితే మాత్రం తలుపు కొట్టి అడగండి, మా ఊళ్ళో ఎవరూ కాదన్నది లేదు.

ఇంటికొచ్చాక బకెట్ నీళ్ళలో వెయ్యండి. తేలినవాటిలో లోపల పుచ్చో, డొల్లో, ఏదో లోపం ఉన్నట్టు, తీసి పారెయ్యండి. మునిగినవాటిలో పగుళ్ళు లేనివి, మరీ పెద్దవి కానివి ఎంచుకోండి. అందరూ పెద్దదానికే ఆశపడతారు, నేనూ అంతే.

ఇప్పుడు అసలు విషయం, కన్నం. కాంకర్ పగిలేది దాదాపు ఎప్పుడూ కన్నం దగ్గరే మొదలవుతుంది, నాకిది మా పక్కింటి పెద్దాయన నేర్పారు. ఆయన చిన్నప్పుడు, 1917లో, స్కూలు పిల్లలందరి చేతా గవర్నమెంటు కాంకర్లు ఏరించిందట, ఎందుకో చెప్పలేదట, తర్వాత తెలిసింది అవి ఫిరంగి మందుకి కావాల్సిన అసిటోన్ తయారుచెయ్యటానికని. "నేను బస్తాలు మోశాను, ఒక్క జర్మన్‌కీ తగల్లేదు" అని నవ్వేవారు. ఆయన పద్ధతి ఏంటంటే, గింజని చేత్తో పట్టుకోకూడదు, తువ్వాలు మడతలోనో మట్టిముద్దలోనో గుచ్చి నిలబెట్టాలి, సన్నటి చేతి డ్రిల్లుతో గానీ చువ్వతో గానీ నిలువుగా, తొందర లేకుండా తిప్పుతూ దించాలి, సుత్తి పెట్టి కొట్టారో అక్కడే నెర్రె పడుతుంది. కన్నం తాడు పట్టేంతే ఉండాలి, వదులైతే తాడు లోపల ఆడి అంచు తినేస్తుంది. ఈ పని పెద్దవాళ్ళే చెయ్యండి, చువ్వ జారితే అరచేతిలోకే దిగుతుంది.

తాడుకి షూ లేస్ బెస్ట్, కొసన ప్లాస్టిక్ ఉంటుంది కాబట్టి సులువుగా దూరుతుంది. కింద రెండు ముళ్ళు గట్టిగా వెయ్యండి, పిడికిలికి చుట్టుకోగా ఇంకా 20 సెంటీమీటర్లు వేలాడాలి.

గట్టిపరచటం గురించి ఒక మాట. ఓవెన్‌లో పెట్టటం, వెనిగర్‌లో నానబెట్టటం, గోళ్ళ రంగు పూయటం, ఇవన్నీ ఆటలో చీటింగ్ కింద లెక్క, అయినా ప్రతి స్కూల్లో ప్రతివాడూ చేస్తాడు. మా ఇంట్లో వెనిగర్ లేదు, పులుపే కదా అని నేను చింతపండు పులుసులో ఆరు కాంకర్లు నానబెట్టి మంచం కింద దాచా, వారానికి బూజు పట్టాయి, అమ్మ వాసన పట్టుకుని ఇల్లంతా వెతికింది. నిజంగా పనిచేసేది కాలమే. ఒక ఏడాది సొరుగులో వదిలేస్తే ముడతలు పడి రాయిలా అవుతుంది, పెద్దాయన దగ్గర పొగాకు డబ్బాలో అలాంటివి నాలుగుండేవి, కానీ ఎవ్వరికీ ఇచ్చేవారు కాదు.

ఆట చాలా సింపుల్. ఒకళ్ళు తాడు చేతికి చుట్టుకుని కాంకర్‌ని కదలకుండా వేలాడదీస్తారు, రెండోవాళ్ళు తమదాన్ని వెనక్కి లాగి పైనుంచి కిందకి కొడతారు. పక్కనుంచి ఊపితే ఎదుటివాళ్ళ వేళ్ళు వాస్తాయి, నావి వాచాయి. తలా మూడు దెబ్బలు, మార్చి మార్చి, ఎవరిది పగిలి తాడు నుంచి ఊడిపోతే వాళ్ళు ఓడినట్టు. తాళ్ళు చిక్కుపడితే ముందుగా "స్ట్రింగ్స్" అని అరిచినవాళ్ళకి ఒక దెబ్బ ఎక్స్‌ట్రా. కాంకర్ కింద పడితే "స్టాంప్స్" అని అరిచి ఎదుటివాళ్ళు తొక్కెయ్యొచ్చు, మీరు ముందే "నో స్టాంప్స్" అంటే బతికిపోతారు. ఊరూరికీ రూల్ మారుతుంది, మొదలెట్టేముందు మాట్లాడుకోండి, లేకపోతే ఏడుపులే.

లెక్క ఇలా. కొత్త కాంకర్‌కి సున్నా. ఒకదాన్ని పగలగొడితే అది "వన్నర్". మూడు గెలిచినదాన్ని మీ కొత్తది పగలగొడితే దాని మూడూ మీకే, పైన ఒకటి, మొత్తం నాలుగు. మా క్లాసులో ఒక అమ్మాయిది పదిహేడు దాకా వెళ్ళింది, బక్కపల్చటి గింజ, ఒక పక్క చదునుగా, జున్ను కోసే కత్తిలా. నా అరచేతిలో పట్టనంత పెద్దది రెండో దెబ్బకే రెండు చెక్కలైంది, కన్నం నేను తొందరపడి సుత్తితో వేసింది మరి.

కళ్ళజోళ్ళు పెట్టుకోవాలి, స్కూళ్ళలో బ్యాన్ చెయ్యాలి అని మధ్యలో చాలా గోల జరిగింది, అది ఉత్త అపోహ అని హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ అనే ప్రభుత్వ భద్రతా సంస్థ వాళ్ళే చెప్పారు. ముక్కలు ఎగురుతాయి నిజమే, చూసేవాళ్ళు రెండడుగులు వెనక్కి నిలబడితే చాలు. సీరియస్‌గా చూడాలనుంటే నార్తాంప్టన్‌షైర్‌లో అక్టోబర్‌లో వరల్డ్ కాంకర్ ఛాంపియన్‌షిప్స్ జరుగుతాయి, 1965లో యాష్టన్ అనే ఊళ్ళో మొదలైంది, ఇప్పుడు సౌతిక్‌లో. అక్కడ కాంకర్లూ లేసులూ వాళ్ళే ఇస్తారు, ఎందుకో మీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. 2024లో మగవాళ్ళ పోటీలో గెలిచిన 82 ఏళ్ళాయన దగ్గర రంగేసిన స్టీలు కాంకర్ దొరికి పెద్ద గొడవైంది, విచారణ చేసి ఆయన తప్పేం లేదన్నారు.

ఆగస్టులోనే ఆకులన్నీ ఎండి గోధుమరంగుకి తిరిగిన చెట్టు కనిపిస్తే చచ్చిపోయిందనుకోకండి, ఆకు లోపల తొలిచే చిన్న పురుగు పని, 2002లో వింబుల్డన్‌లో మొదట కనిపించింది, చెట్టు చావదు గానీ కాయ చిన్నదవుతుంది. చిన్నవైనా ఆడుకోవచ్చు.

ఆడగా మిగిలినవాటిలో మంచివి రెండు కన్నం వెయ్యకుండా సాక్సుల సొరుగులో పడెయ్యండి, వచ్చే ఏడాదికి. ఇంకోటి, అక్టోబర్ నెలంతా వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేసేముందు పిల్లల జేబులు తడిమి చూడండి, మాకు మెషీన్ రిపేరుకొచ్చినాయన డ్రమ్ములోంచి పదకొండు తీశాడు.