అంబాసిడర్ కమాన్ కట్టల బుష్షులు - నా అనుభవం
మా నాన్న 1988 మోడల్ అంబాసిడర్‌కి వెనక కమాన్ కట్టల (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు) రబ్బరు బుష్షులు (కట్ట చివర్ల కన్నాల్లో బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగులు) పొడిపొడిగా రాలిపోతుంటే బయట కంపెనీవి తెచ్చి నేనే ఎక్కించా. బండి జాకీ మీద, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు ఫుల్లుగా బిగించేశా, అక్కడే తప్పు జరిగింది. నెల తిరక్కుండానే గుంతలో పడ్డప్పుడల్లా కిర్రుమని చప్పుడు, విప్పి చూస్తే కొత్త బుష్షు ఒక పక్క చీరుకుపోయుంది. బరువు లేనప్పుడు బిగిస్తే రబ్బరు అదే పొజిషన్‌లో పట్టేసుకుంటుంది, బండి దించాక ఇక ఎప్పుడూ మెలిపడే ఉంటుంది కదా, చిరగక ఏం చేస్తుంది. మళ్లీ కొత్తవి వేసి, బోల్టులు వదులుగా ఉంచి, బండి నేల మీదకి దించి, వెనక నాలుగుసార్లు గట్టిగా ఊపి అప్పుడు బిగించా. యూ బోల్టులు (కమాన్ కట్టని ఇరుసుకి పట్టి ఉంచేవి) మాత్రం వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూసుకోండి, నావి అర చుట్టు వదులయ్యాయి. నిన్న నాన్న వెనక సీట్లో కూర్చుని "చప్పుడే లేదురా" అన్నారు.