ఎండలు ముదరకముందే వంటింట్లో చూసుకోవాల్సినవి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మన కర్నూలు, అనంతపురం, కడప వైపు అయితే అది పోయీ పోకముందే ఎండ నెత్తికెక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మనకు మామూలే. ఆ రోజుల్లో ఒంట్లో నీరు నిలబెట్టే తిండి తినాలి, నీరు లాగేసే కషాయాలకు దూరంగా ఉండాలి. రాగి అంబలినీ, విరేచనం చేయించే సునాముఖి పొడినీ 'అంతా నాచురలే కదా' అని ఒకే గాటన కట్టేస్తున్నారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

ముందుగా బుడ్డల (వేరుశనగ కాయల) మూట విప్పండి. ఖరీఫ్ కాయలు ఇంట్లోకి వచ్చి నెలలు గడిచి ఉంటాయి. పంట చివర్లో వాన మొహం చాటేసి చేను బెట్టకు వచ్చిన ఏడు, కాయలోనే బూజు పట్టే ప్రమాదం ఎక్కువ. ఆ బూజు వదిలే విషం పేరు అఫ్లటాక్సిన్. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే క్యాన్సర్‌కు కూడా దారితీస్తుంది. వేయిస్తే పోతుందనుకోవద్దు, మన పొయ్యి వేడికి అది చావదు. గింజలను చాటలో పలచగా పోసి, వెలుతురులో కూర్చుని ఏరండి. తోలు ముడతలు పడి తేలిగ్గా ఉన్నవి, పుచ్చినవి, నల్లబడినవి, పసుపుపచ్చ బూజు కనిపించేవి తీసేయండి. నోట్లో వేసుకున్న గింజ చేదు కొడితే మింగకుండా ఉమ్మేయండి. కంటికి బాగున్న గింజలోనూ ఒక్కోసారి విషం ఉండొచ్చు గానీ, ఏరడంతో చాలా భాగం తగ్గిపోతుంది.

ఇక్కడ ఒక అలవాటు మాత్రం మానాల్సిందే. మంచి గింజలు అంగడికి, తాలు గింజలు ఇంట్లో ఊరిబిండి పచ్చడికి అన్న లెక్క వద్దు. ఏరేసినవాటిని గానుగకూ పంపకండి, విషం కొంత నూనెలోకి దిగుతుంది. మిగతాది నూనె తీశాక మిగిలే చెక్కలో ఉండిపోతుంది, ఆ చెక్క తిన్న బర్రె పాలలోకీ వస్తుంది. పిల్లలు తాగేది ఆ పాలే కదా! మిగిలిన కాయలను బాగా ఆరబెట్టి, గోనెసంచుల్లో నింపి, నేలకు తగలకుండా చెక్కల మీద పెట్టండి. గింజలు ఒలిచి నిల్వ పెట్టేకన్నా కాయల్లా ఉంచడమే మేలు.

ఇక అంబలి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. రాత్రి ఉడికించి కుండలో పోసి పులియనిచ్చి, పొద్దున మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు కలుపుకుని తాగితే పొలం పనికి వెళ్లేవాళ్లకు అంతకుమించింది లేదు. అయితే మే నెలలో ఆ పులుపు తొందరగా హద్దు దాటుతుంది. రాత్రి చేసింది మర్నాడే తాగేయండి, కుండను మరిగిన నీళ్లతో కడగండి, కంపు వచ్చినా బూజు తేలినా పారబోయండి. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు చూసి వేసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లకు మెత్తటి పిండి అంబలి గ్లూకోజును త్వరగా పెంచుతుంది, వాళ్లకు కాస్త సంగటి, దానికి రెండింతలు పప్పూ ఆకుకూరా ఉండే పళ్లెం మంచిది.

కొర్రలు, అండుకొర్రలు లాంటి చిరుధాన్యాలు మళ్లీ మన వంటిళ్లలోకి రావడం వెనుక ప్రొద్దుటూరులో పుట్టిన ఖాదర్ వలీ గారి ప్రచారం చాలా ఉంది. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదినే ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. తినండి, తప్పకుండా తినండి. కానీ అన్నం మానేసి ఒక్కసారిగా మూడు పూటలా కొర్రలకు మారితే, అదీ నీళ్లు చాలని ఎండాకాలంలో, మలబద్ధకం పట్టుకుంటుంది. ఒక పూటతో మొదలుపెట్టండి, వండేముందు కొన్ని గంటలు నానబెట్టండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లు రోజూ సజ్జ రొట్టెలే తినడం మంచిది కాదు. కొర్రలు తింటున్నాం కదా అని షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు సొంతంగా ఆపేయకండి, దయచేసి.

నన్నారి (సుగంధి వేరు) షర్బత్ మనకు ప్రాణం. అంగడి సీసాలో ఎక్కువ భాగం చక్కెరే, షుగర్ ఉన్నవాళ్లు అది గుర్తుపెట్టుకోవాలి. వేర్లు తెచ్చుకుని ఇంట్లోనే నానబెట్టుకుంటే తీపి మన చేతిలో ఉంటుంది. కొబ్బరినీళ్లు అందరికీ మంచివే, ఒక్క కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు తప్ప. అందులోని పొటాషియం వాళ్ల గుండెకు ముప్పు తెస్తుంది. సబ్జా గింజలు పూర్తిగా ఉబ్బాకే పిల్లలకు ఇవ్వండి.

కషాయాల దగ్గర మాత్రం గట్టిగా చెప్పాలి. సునాముఖి, త్రిఫల కడుపును జారుస్తాయి, దాంతో ఒంట్లో నీరు, లవణాలు పోతాయి. వడగాలుల రోజుల్లో ఈ రోజువారీ 'క్లీనింగ్' వద్దే వద్దు. కిడ్నీలో రాళ్లకని కొండపిండి ఆకు కషాయం తాగేవాళ్లు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. షుగర్ మాత్రలతో పాటు కాకరరసం తాగి, ఎండకు ఆకలి లేదని భోజనం మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై డాక్టర్లు వైద్య పత్రికలో రాశారు. పోలికలున్న వేరే తీగ వల్ల కావచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అంది. ఎవరి మాట నిజమైనా, తెలిసినవాళ్లు గుర్తుపట్టని తీగను కోసుకోకూడదు, గుర్తుపట్టినదైనా నెలల తరబడి తాగకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు ఈ కషాయాలను అసలు ముట్టకూడదు.

సొరకాయ రసం తాగేవాళ్లు ముందు చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి, ఆ చేదు ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్టు కలపండి. అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సరిసమానంగా కొలిచి కలపండి. చెంచా అంటే టీ చెంచా. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. మనిషిని నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో మజ్జిగైనా ఉల్లిరసమైనా పోయకండి. ఆస్పత్రికి వెళ్లాక ఇంట్లో వాడుతున్న ఆకులు, పొడులు ఒక్కటీ దాచకుండా డాక్టరుకు చెప్పండి. వీలైతే ఆ ఆకును, ఆ డబ్బాను వెంట తీసుకెళ్లండి.